అయిదో నంబరు గుంట

కౌలాలంపూర్‌లో ఉరుములకి అలవాటు పడడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఇక్కడ ఏడాదిలో సగం రోజులు ఎక్కడో ఒకచోట ఉరుముతూనే ఉంటుంది. పొద్దున్నంతా నెత్తి మాడే ఎండ, మధ్యాహ్నం మూడయ్యేసరికి మబ్బు, నాలుగింటికి ఆకాశం విరిగి మీద పడ్డట్టు వాన. ఏప్రిల్లోనూ, మళ్ళీ అక్టోబరు నవంబరుల్లోనూ మరీ ఎక్కువ. పిడుగుల వేళ చదువుకోమని చిన్నప్పుడు మా నాయనమ్మ అర్జునుడి పేర్లు నేర్పింది. వాటిని ఇక్కడ చదవడం మొదలుపెడితే సాయంత్రాలు ఇంకో పని పెట్టుకోనక్కర్లేదు.

ఈ కథ ఆ పిడుగుల గురించే. కాకపోతే ఆకాశంలో జరిగింది కాదు, మా అపార్ట్‌మెంటు పిల్లల ఆటస్థలం పక్కన, టైల్స్ కింద జరిగింది.

మాది పద్నాలుగు అంతస్తుల బిల్డింగు. వరసగా రెండేళ్ళు, ఒక్కో పెద్ద గాలివాన తర్వాత, లిఫ్టు బోర్డు ఒకసారీ గేటు దగ్గర ఇంటర్‌కమ్ బోర్డు ఒకసారీ కాలిపోయాయి. ఖర్చు అందరికీ పంచారు. సర్వసభ్య సమావేశంలో గొడవ జరిగింది. గొడవ పడినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి, "అయితే కమిటీలోకి మీరే రండి" అన్నారు. కాదనే లోపే చేతులెత్తేశారు. అపార్ట్‌మెంటు కమిటీల్లోకి మనుషులు ఎలా వస్తారో తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు.

మొదటి వారం మేనేజర్ నాకు నాలుగు ఫైళ్ళు ఇచ్చాడు. లిఫ్టులు, మంటలార్పే పంపులు, నీళ్ళ ట్యాంకులు, నాలుగోది పిడుగు రక్షణ. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే గానీ కాలేజీ దాటాక ఒక్క స్క్రూ కూడా బిగించిన పాపాన పోలేదు. పదమూడేళ్ళుగా సర్వర్లు, లాగులు, అర్ధరాత్రి ఫోన్లు, ఇదే నా బతుకు. అందుకని నాలుగో ఫైలుని ఎలక్ట్రికల్ ఇంజనీరులా కాకుండా లాగు ఫైలులా చదివాను.

మూడేళ్ళ రిపోర్టులున్నాయి: 2022, 2023, 2024. బిల్డింగు నాలుగు పక్కలా పైనుంచి కిందికి దిగే రాగి పట్టీలు ఆరు. ఒక్కోదాని కింద భూమిలో ఒక ఎర్తు రాడ్డు, దాని మీద మూతున్న చిన్న గుంట. ఆరింటికీ ఆరు రీడింగులు, ఓమ్‌లలో: 4.1, 3.9, 4.3, 4.0, 3.8, 4.2. 2022లో అవే. 2023లో అవే. 2024లోనూ అవే, దశాంశం తేడా లేకుండా, అదే వరసలో.

సర్వర్ల పనిలో ఉన్నవాడికి ఇలాంటిది కనబడితే కడుపులో తిప్పుతుంది. రోజూ సరిగ్గా ఒకే సైజులో ఉండే బ్యాకప్ అంటే అర్థం, చాలాసార్లు, బ్యాకప్ ఆగిపోయి ఎన్నాళ్ళో అయిందని. మట్టి తడుస్తుంది, ఎండుతుంది, లోహం తుప్పు పడుతుంది. మూడేళ్ళపాటు ఆరు చోట్ల ఒక్క దశాంశం కూడా కదలకపోవడం మట్టికి చేతకాని పని.

ఇంకోటి కూడా ఉంది. రిపోర్టులో ప్రతి గుంటకీ ఎదురుగా "మూత తెరిచి చూశాం, బాగుంది" అని టిక్కు. అయిదో నంబరు గుంట పిల్లల ఆటస్థలం మూల దగ్గర ఉన్నట్టు ప్లానులో ఉంది. నేను వెళ్ళి చూశాను. అక్కడ గుంట లేదు. జారుడుబల్ల, దాని చుట్టూ ఎర్ర టైల్స్. ఆ టైల్స్ 2022 మొదట్లో వేయించారని మా పాప పుట్టినరోజు ఫోటోల వల్ల నాకు తెలుసు. లేని మూతని మూడేళ్ళు తెరిచి చూశారన్నమాట.

మేనేజర్‌ని అడిగితే, "సర్, భూమి ఎక్కడికి పోతుంది? అదే భూమి, అదే రీడింగు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఏటా ఒక కాగితం రావాలి, వచ్చింది. ఇన్స్యూరెన్సు వాళ్ళూ ఆ కాగితమే అడుగుతారు.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ రాడ్డు పనేమిటో చెప్పాలి. పిడుగు కడ్డీ అనగానే మనకి మేడ మీద మొనదేలిన కడ్డీ గుర్తొస్తుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1753 పంచాంగంలో ఇళ్ళకి పిడుగు రక్షణ ఎలా చేసుకోవాలో రాసినప్పుడు, కడ్డీ పైకొస ఇంటికన్నా ఆరు నుంచి ఎనిమిది అడుగులు ఎత్తు ఉండాలన్నాడు, దానితోపాటే కిందికొస తడి నేలలో మూడు నాలుగు అడుగులు దిగాలన్నాడు. తడి నేల అన్న మాట ఆయన అప్పుడే పట్టుకున్నాడు. కడ్డీ పిడుగుని ఆపదు. పడ్డ పిడుగుకి ఒక దారి ఇస్తుంది, ఆ దారి చివర ఉండేది మట్టి. మామూలు పిడుగులో ముప్ఫై వేల ఆంపియర్ల దాకా ఉంటాయి. దారి చివర మట్టి పది ఓమ్‌లు అడ్డుకుంటే, గుణిస్తే మూడు లక్షల వోల్టులు. అసలు లెక్క ఇంత తేలిక కాదు. ఆ కరెంటు ఆరు పట్టీలకీ పంచుకుంటుంది, పైగా అంతా మైక్రోసెకన్లలో జరిగిపోతుంది కాబట్టి ఓమ్‌లు ఒక్కటే చూస్తే చాలదు. అయినా మట్టి ఎందుకు ముఖ్యమో తెలియడానికి ఈ గుణకారం చాలు.

నాకు ఇది పుస్తకంలో తెలిసింది కాదు. మా నాన్న శ్రీకాకుళం జిల్లాలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నా ఎనిమిదో ఏట, మే నెల సాయంత్రం, మా చిన్నాన్న ఎడ్లజతని కళ్ళంలో చింతచెట్టు మొదట్లో కట్టి, వాన చూసి పాక కిందికి పరిగెత్తాడు. పిడుగు చెట్టు మీద పడింది. ఎడ్లు రెండూ కట్టినచోటే కూలిపోయాయి. ఒంటి మీద కాలిన మచ్చ లేదు. ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. ఏదో పాపం అన్నారు, కట్టిన వేళ అన్నారు. చిన్నాన్న మూడు రోజులు అన్నం ముట్టలేదు.

నాన్న మాత్రం ఆయన పక్కన కూర్చుని, "పిడుగు ఎడ్ల మీద పడలేదురా. చెట్టు మీద పడింది. ఎడ్లని నేల చంపింది" అన్నాడు. చెట్టులోంచి దిగిన కరెంటు నేలలో నాలుగు పక్కలా పరుచుకుంటుంది. మొదట్లో వోల్టేజి ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. ఎద్దు ముందుకాళ్ళు ఒకచోట, వెనకకాళ్ళు అయిదడుగుల అవతల. ఆ రెండు చోట్లకీ మధ్య ఉన్న తేడా అంతా ఎద్దు ఒంట్లోంచి, గుండె మీదుగా పోతుంది. మనిషికి కాళ్ళు దగ్గర కాబట్టి ఆ తేడా తక్కువ. పిడుగుల వేళ బయట చిక్కుకుంటే కాళ్ళు దగ్గర పెట్టుకుని ముడుచుకుని కూర్చోమని అందుకే చెబుతారు.

అదే నాన్న వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్తు గుంటలో బిందెలతో నీళ్ళు పోసేవాడు. బొగ్గు, ఉప్పు వేసిన పాత పద్ధతి గుంటలు అవి. సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళేవాడు. ఊళ్ళో నీళ్ళకి కరువై, ఆడవాళ్ళు బావి దగ్గర వరసలో నిలబడ్డ రోజుల్లో, మా నాన్న మట్టికి నీళ్ళు పోస్తుంటే నాకు సిగ్గుగా ఉండేది. ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసేవాణ్ణి.

ఇదంతా కమిటీలో చెప్పలేదు. కొత్త మనిషితో ఒక్కసారి కొలిపిద్దాం అని మాత్రం అన్నాను. తొమ్మిది వందల రింగిట్లకి ఒప్పుకున్నారు.

వచ్చినాయన అరవైకి దగ్గర్లో ఉంటారు. సన్నగా, నల్లగా, చేతులు మాత్రం గునపాలు. నేను ఫోన్లో మా ఆవిడతో తెలుగులో మాట్లాడుతుంటే విని, టెస్టర్ పెట్టె కింద పెట్టి, "ఏటి బాబూ, తెలుగోళ్ళా?" అన్నారు.

మా నాయనమ్మ పోయాక ఆ "ఏటి" వినలేదు నేను. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చాడట. ఏ ఊరో ఇప్పుడు ఎవరికీ తెలియదు. తాతగారి కాలం నుంచీ పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో ఉన్నారు. ఈయన తోట వదిలి ఎలక్ట్రికల్ పని నేర్చుకుని ఈ ఊరొచ్చారు. బాబాయ్ గారూ అన్నాను. వద్దనలేదు.

పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టాం. "మజ్జానం దాక ఉండకూడదు బాబూ. మబ్బు పట్టిందంటే లింకు ముట్టను" అన్నారు. లింకు అంటే గోడ మీద, నడుమెత్తున, పై పట్టీనీ కింది పట్టీనీ కలిపే చిన్న ఇత్తడి బిగింపు. దాన్ని విప్పితేనే కింది రాడ్డు బిల్డింగు నుంచి విడిపోతుంది, అప్పుడే ఆ ఒక్క రాడ్డు సంగతి తెలుస్తుంది. విప్పకుండా కొలిస్తే ఆరు రాడ్లూ, పునాదిలోని ఇనుమూ అన్నీ కలిసిన లెక్క వస్తుంది. "ఈ నాలుగులు అలగే వచ్చుంటాయి" అన్నారు పాత రిపోర్టు చూసి. "మొదటేడు విప్పకుండ కొలిసినారు. తర్వాతేడు కొలవనే నేదు." అది ఆయన ఊహే. నాకూ అంతకన్నా మంచి ఊహ దొరకలేదు.

ఒక లింకు విప్పితే, దాన్ని మళ్ళీ బిగించి లాగి చూసేదాకా రెండో లింకు జోలికి పోలేదు. ఎందుకని అడిగితే, "ఆరూ ఇప్పేసి కాఫీకి పోతే, ఈలోగా పిడుగు పడితే?" అన్నారు. మా ఆఫీసులో సర్వర్లన్నీ ఒకేసారి అప్‌డేట్ చేసే కుర్రాళ్ళకి ఈయనతో ఒక క్లాసు పెట్టించాలనిపించింది.

కొలిచే పద్ధతి నేను కాలేజీలో పరీక్షకి రాసిందే, చూడడం మాత్రం అదే మొదలు. రాడ్డు నుంచి ఇరవై అయిదు మీటర్ల దూరంలో, మురుగుకాలవ పక్క గడ్డిలో ఒక మేకు. దానిలోంచి కరెంటు పంపుతారు. మధ్యలో ఇంకో మేకు, వోల్టేజి చూడడానికి. ఈ రెండోది ఎక్కడ పాతాలన్నదే కిటుకు. రాడ్డు నుంచి మొత్తం దూరంలో 62 శాతం దగ్గర, అంటే పదిహేనున్నర మీటర్ల దగ్గర. రాడ్డుకి మరీ దగ్గరైతే తక్కువ చూపిస్తుంది, మేకుకి దగ్గరైతే ఎక్కువ చూపిస్తుంది. పాతి, ఒక రీడింగు. తర్వాత దాన్ని కొంచెం ముందుకి జరిపి ఒకటి, వెనక్కి జరిపి ఒకటి. మూడూ దాదాపు ఒక్కలాగే ఉంటేనే రాసుకున్నారు. మూడో గుంట దగ్గర కలవలేదు. మేకులన్నీ పీకి, ఇంకో దిక్కుకి మార్చి, మళ్ళీ మొదలుపెట్టారు. కింద ఏదో నీళ్ళ పైపు అడ్డొచ్చి ఉంటుందన్నారు. ఒక్క అంకెకి ఇరవై నిమిషాలు.

నడుముకి వేలాడే క్లాంప్ మీటరు ఒకటుంది కదా, రాగి పట్టీ చుట్టూ తగిలిస్తే క్షణంలో చెప్పేస్తుంది, అది వాడరా అని అడిగాను. "ఉంది. వాడతాను. మేకు పాతడానికి సోటు నేనిసోట అదే గతి. కానీ అది చుట్టూ దారుంటేనే సెబుతాది. పైన పట్టీలూ పట్టీలూ కలిసి ఒక సుట్టు తిరిగుంటే, మట్టిని ముట్టకుండ రాగినే కొలిసి, శానా బాగుందని సూపిస్తాది. మరీ తక్కువ సూపిస్తే సంబరపడకూడదు బాబూ, అనుమానపడాల."

ఒకటి: 24 ఓమ్‌లు. రెండు: 31. మూడు: 27. నాలుగు: 88. ఆరు: 36. అయిదుని చివరికి ఉంచారు.

నాలుగో గుంట మూత తెరిస్తే లోపల సిమెంటు ముద్దలు, ఒక చిప్స్ ప్యాకెట్, పచ్చగా చిలుం పట్టిన బిగింపు. చిలుం గీకి, బోల్టు బిగించి మళ్ళీ కొలిస్తే 88 అలాగే ఉంది. అంటే తప్పు బిగింపుది కాదు, కింద మట్టిది. ఆ మూల బిల్డింగు నీడలో, వాన పడని చూరు కింద ఉంది. చుట్టూ కాంక్రీటు. ఏడాదికి సగం రోజులు వానపడే ఊళ్ళో కూడా ఆ రాడ్డుకి నీళ్ళు అందడం లేదు. నాకు బిందె గుర్తొచ్చింది.

అయిదో దాని దగ్గర గోడ మీద లింకు ఉంది, కింది పట్టీ టైల్స్ లోపలికి దిగింది. విప్పి కొలిస్తే మీటరు అంకె చూపించలేదు. కొలత దాటిపోయిందన్న గుర్తు చూపించింది. తీగలు మార్చారు, మేకులు తడిపారు. అదే గుర్తు.

ఆయన జారుడుబల్ల పక్కన గొంతుకు కూర్చుని, వేలి కణుపుతో టైల్స్ కొడుతూ పోయారు. ఒకచోట చప్పుడు మారింది. "ఇదే" అన్నారు.

టైల్ పగలగొట్టడానికి మేనేజర్ అనుమతి కావాలి. ఆయన పగలగొట్టొద్దన్నాడు, గచ్చు పాడవుతుందన్నాడు. నా డబ్బుతో వేయిస్తానన్నాను. రెండు టైల్స్ తీస్తే గుంట మూత బయటపడింది. మూత తీస్తే రాడ్డు శుభ్రంగా ఉంది. రాడ్డుకి రావాల్సిన రాగి పట్టీ జానెడు పైన తెగిపోయి, కొస పక్కకి వంచేసి ఉంది. నేల చదును చేసినవాళ్ళకి అడ్డొచ్చి ఉంటుంది. కోసి, పక్కకి వంచి, మూత పెట్టి, టైల్ వేసి వెళ్ళిపోయారు. వాళ్ళకి అది ఉత్త రాగిరేకు.

ఆ కొసకి జారుడుబల్ల ఇనప కాలు మూరెడు దూరంలో ఉంది.

ఆ క్షణంలో మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. పై నుంచి దిగిన కరెంటు ఆ పట్టీ కొస దాకా వచ్చి, మట్టి దొరక్క, దగ్గర్లో ఉన్న ఇనుముకి దూకుతుంది. సాయంత్రం నాలుగింటికి వాన మొదలవగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి జారుడుబల్ల కిందే నిలబడతారు. మా పాప కూడా. తడవకుండా అక్కడ నిలబడమని నేనే చెప్పాను, చాలాసార్లు.

అక్కడే అసలు గొడవ మొదలైంది. ఆ వారం కమిటీ సమావేశంలో కొత్త రిపోర్టు పెట్టాను. మా కోశాధికారి లెక్కలు తెలిసిన మనిషి, నిదానస్తుడు. ఫోన్లో ఏదో లెక్క వేసి, "అయిదోది వదిలేసి మిగతా అయిదూ కలిపినా మొత్తం 6.7 ఓమ్‌లే కదా? పది లోపు ఉంటే చాలంటున్నాయి ప్రమాణాలు. పాసైనట్టేగా?" అన్నాడు. లెక్క సరిగ్గానే వేశాడు. పక్కపక్కన ఉన్న దారులు ఎన్ని ఉంటే మొత్తం నిరోధం అంత తగ్గుతుంది. అంతర్జాతీయ ప్రమాణం పది ఓమ్‌ల లోపు ఉంటే మంచిదంటుంది. పాత బ్రిటిష్ పద్ధతిలో ఆరు రాడ్లుంటే ఒక్కోటి అరవై దాటకూడదు, మొత్తం పది దాటకూడదు. నాలుగోది ఒక్కటి తప్పినా మొత్తం మీద బిల్డింగు పాసే.

నేను సమాధానం వెతుక్కుంటుంటే, మూలన కూర్చున్న మా బాబాయ్ గారు మలయ్‌లో అన్నారు. తర్వాత నాకు తెలుగులో మళ్ళీ చెప్పారు: "మొత్తం పాసయింది గానీ, పిల్లలు మొత్తం దగ్గర ఆడరు కదా. అయిదో దాని దగ్గర ఆడతారు."

ఇంకో మాట కూడా ఆయనే చెప్పారు, అది మా కమిటీకి నచ్చలేదు. ఎర్తు బాగుచేస్తే లిఫ్టు బోర్డులు కాలడం ఆగుతుందనుకోవద్దన్నారు. బోర్డుల సంగతి వేరు. కరెంటు లైను మీదా ఫోను లైను మీదా సర్జ్ అరెస్టర్లు పెట్టాలి, బిల్డింగులోకొచ్చే ఇనప పైపులూ కేబుళ్ళ తొడుగులూ అన్నీ ఒకే ఎర్తుకి కలపాలి. ఎర్తు రాడ్డు మనుషుల కోసం, గోడల కోసం. డబ్బు మిగులుతుందని వచ్చినవాళ్ళ మొహాలు మారిపోయాయి. అరెస్టర్ల సంగతి వచ్చే ఏడాదికి వాయిదా పడింది. రాడ్ల బాగుకి మాత్రం, ఒక ఓటు తేడాతో, డబ్బు ఇచ్చారు.

నాలుగో దానికి ఏం చేయాలన్నప్పుడు మేనేజర్ ఇంకా లావు రాడ్డు వేద్దామన్నాడు. ఆ రాత్రి పదిహేనేళ్ళ కిందటి సూత్రం వెతికి లెక్క కట్టాను. 100 ఓమ్ మీటర్ల మట్టిలో 16 మిల్లీమీటర్ల మందం, 2.4 మీటర్ల పొడవున్న రాడ్డుకి సుమారు 40 ఓమ్‌లు. మందం రెట్టింపు చేస్తే 36. పొడవు రెట్టింపు చేస్తే 22 చిల్లర. లావు దండగ, లోతు ముఖ్యం. బాబాయ్ గారికి ఆ లెక్క చూపిస్తే నవ్వి, "కాయితం మీద కూడ అలగే వస్తాదా?" అన్నారు. ఆయనకి ఇది నలభై ఏళ్ళుగా సుత్తి చెప్పిన సంగతి. లోతుకి దిగితే తడి మట్టి తగులుతుంది, అది అదనం.

ఉన్న రాడ్డు నెత్తిన కప్లింగు పెట్టి 1.2 మీటర్ల ముక్క ఒకటి దింపారు, దాని మీద ఇంకోటి. నాలుగోది 88 నుంచి 41కి దిగింది. అయిదో దానికి కొత్త పట్టీ వేసి, కొత్త బిగింపు పెట్టారు: 29. గుంట మీద టైల్ కాకుండా ఇనప మూత పెట్టించాను, దాని మీద పెద్ద తెల్ల అంకె 5 రాయించాను. జారుడుబల్లని రెండున్నర మీటర్లు జరిపించారు, దాని ఇనుముని కూడా ఎర్తుకి కలిపారు. వాన పడితే లాబీలోకి రమ్మని పిల్లలకి చెప్పాం. అన్నిటికన్నా నమ్మకమైన రక్షణ అదే.

చివర్లో మొత్తం లెక్క మళ్ళీ వేశాను. 6.7 కాస్తా 5.1 అయింది. కాగితం మీద జరిగింది అంతే. కోశాధికారి ఆ రెండంకెలూ చూసి, "దీనికా ఇంత ఖర్చు" అన్నాడు. నేను ఆయన్ని లిఫ్టులో కిందికి తీసుకెళ్ళి, మేనేజర్ గదిలో దాచిన ఆ కోసేసిన పట్టీ ముక్క చేతిలో పెట్టాను. కాసేపు తిప్పి చూశాడు. వాళ్ళ మనవడు కూడా ఆ జారుడుబల్ల దగ్గరే ఆడతాడు.

ఆ ఆదివారం నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన మధ్యలో రెండే ప్రశ్నలడిగాడు. లింకు విప్పి కొలిచారా అని ఒకటి. ఆ కొలిచినాయనకి కాఫీ ఇచ్చావా అని ఒకటి. నా ఇంజనీరింగు లెక్కలేవీ అడగలేదు.

నేనే అడిగాను. "నాన్నా, నీళ్ళ కరువులో ఎర్తు గుంటలో బిందెలు పోసేవాడివి కదా, జనం ఏమీ అనేవాళ్ళు కాదా?"

"ఎందుకనరు? అనేవాళ్ళు. నీకు సిగ్గుగా ఉండేదని కూడా నాకు తెలుసులే" అన్నాడు.

నాకు ఏమనాలో తెలియలేదు.

"నేను పోయకపోతే ఏమయ్యేదో ఎవరికీ కనబడేది కాదురా. ఏమీ అవలేదు కాబట్టి దండగనుకునేవాళ్ళు. మీ చిన్నాన్నని చూశాక నేను ఇంక ఎవరి మాటా పట్టించుకోలేదు" అన్నాడు. చిన్నాన్న ఆ తర్వాత మళ్ళీ ఎడ్లని కొనలేదు. అద్దె ట్రాక్టరుతో దున్నించుకున్నాడు. ఆ చింతచెట్టు మొదట్లో తను కట్టడం వల్లే అన్న మాట పోయేదాకా అంటూనే ఉన్నాడు. నాన్న ఎన్నిసార్లు నేల సంగతి చెప్పినా.

మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని బాబాయ్ గారు అడిగారు. ఏడాదికి అన్నాను. కాదు, పదకొండు నెలలకి అన్నారు. బ్రిటిష్ వాళ్ళ పాత అలవాటు అది. సరిగ్గా పన్నెండు నెలలకి కొలిస్తే ప్రతి ఏడూ అదే కాలంలో కొలిచినట్టవుతుంది. మట్టి తడిగా ఉన్నప్పుడే ఏటా వెళ్ళి చూసి, బాగుందనుకుని వచ్చేస్తాం. ఒక నెల ముందుకి జరుపుకుంటూ పోతే, కొన్నేళ్ళలో ఎండకాలం మట్టినీ వానకాలం మట్టినీ కూడా చూసినట్టవుతుంది. "ఎండినప్పుడు కూడ సూడాల కదా బాబూ" అన్నారు.

నా ఫోన్లో పదకొండు నెలలకి అలారం పెట్టుకున్నాను. ఈసారి రిపోర్టులో అంకెలు పాతవాటితో దశాంశం తేడా లేకుండా కలిస్తే, డబ్బు ఇవ్వనని ఆయనతోనే చెప్పాను. నవ్వి, మేకులు తుడుచుకుని పెట్టెలో పెట్టుకున్నారు. అప్పటికి రెండయింది. పడమర మబ్బు పడుతోంది. వెళ్ళేముందు ఆరు లింకులూ ఇంకోసారి చేత్తో లాగి చూశారు.